మా ఊరి కేబుల్ డిజిటల్‌కు మారిన ఏడాదిన్నర: నా అనుభవం

కోనసీమలోని ఒక చిన్న మున్సిపాలిటీలో 1998 నుంచి నేను కేబుల్ టీవీ నడుపుతున్నాను. 1996 నవంబరు తుఫానులో మా కొబ్బరి తోట నేలమట్టమైంది. కొత్త మొక్కలు కాపుకు వచ్చేలోగా మరో బతుకుతెరువు చూసుకోవలసి రావడంతో మేడ మీద మూడు డిష్ యాంటెనాలు నిలబెట్టి, కింది గదిని కంట్రోల్ రూముగా మార్చి, పన్నెండు చానళ్లతో మొదలుపెట్టాను. 2015 నాటికి అవి అరవై అయ్యాయి. ఊళ్లో మమ్మల్ని ఇప్పటికీ డిష్ వాళ్లనే అంటారు, నెలనెలా ఇచ్చే డబ్బును డిష్ బిల్లనే అంటారు. అనలాగ్ అనే పాత పద్ధతిలో పదిహేడేళ్లు నడిచిన ఆ వ్యవస్థను డిజిటల్‌కు మార్చడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఏది ఎందుకు అడ్డుపడిందో, ఎలా దాటామో గుర్తున్నంతవరకు వరుసగా రాస్తున్నాను.

1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టాన్ని 2011లో సవరించి, దేశమంతటా కేబుల్ ప్రసారాలను నాలుగు దశల్లో డిజిటల్ చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. మొదటి దశ మహానగరాలది. రెండో దశలో మన వైపు నుంచి హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి, వాటికి 2013 మార్చి 31 గడువు. మిగిలిన పట్టణాలన్నీ మూడో దశలోకి, పల్లెలు నాలుగో దశలోకి వచ్చాయి. మూడో దశకు 2015 డిసెంబరు 31, నాలుగో దశకు 2016 డిసెంబరు 31 గడువులుగా పెట్టారు. కాగితం మీద ఈ విభజన సబబుగానే ఉంటుంది. అయితే మా మున్సిపల్ హద్దు ఒక పంట కాలువ. కాలువకు ఇవతల 740 ఇళ్లు, అవతల రెండు పంచాయతీల్లో 420 ఇళ్లు, అన్నింటికీ నా కంట్రోల్ రూము నుంచి వెళ్లే తీగ ఒక్కటే. ఇవతలి ఇల్లు డిజిటల్ సిగ్నల్‌ను టీవీకి పనికొచ్చేలా మార్చే సెట్‌టాప్ బాక్సు కొనకపోతే బొమ్మ ఆగిపోతుంది, వంతెన దాటి నూరు గజాలు నడిస్తే అక్కడ మరో ఏడాది పాటు పాత పద్ధతిలోనే అన్నీ వస్తాయి. ఈ తేడా ఎందుకో కాలువకు ఇవతలి వాళ్లకు చెప్పి ఒప్పించడం, తరువాతి నెలల్లో మీటర్లు పట్టుకుని స్తంభాలెక్కడం కంటే కష్టమైంది.

2015 సెప్టెంబరులో మాకు సిగ్నల్ ఇచ్చే పై సంస్థ వాళ్లు తమ ఫైబర్‌ను మా కంట్రోల్ రూము దాకా తెచ్చి, పరీక్షకు ఇరవై బాక్సులు ఇచ్చి వెళ్లారు. వాటిని మా వీధిలోనూ, ఊరి చివర బస్టాండు వెనుక వీధిలోనూ పెట్టాను. మా వీధిలో అన్నీ చక్కగా వెలిగాయి. బస్టాండు వెనుక పెట్టిన తొమ్మిదింటిలో ఏడు "నో సిగ్నల్" అని చూపించాయి. అదే ఇళ్లలో అదే తీగ మీద పాత పద్ధతిలో బొమ్మ వస్తూనే ఉంది. కొంచెం చుక్కలు పడుతూ, కొంచెం మసకగా, కానీ చూడటానికి వీలుగా వస్తోంది. బాక్సులు చెడ్డవని ఆ రోజు నేను గట్టిగా నమ్మి పై సంస్థ టెక్నీషియన్‌తో వాదించాను. ఆయన మాట్లాడకుండా తన మీటరు తెచ్చి తీగకు తగిలించి నాకు చూపించారు. లోపమంతా నా లైనులోనే ఉంది.

అనలాగ్‌కూ డిజిటల్‌కూ అసలైన తేడా ఆ మీటరు దగ్గరే నాకు అర్థమైంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గినకొద్దీ బొమ్మ కూడా కొద్దికొద్దిగా పాడవుతుంది. చుక్కలు పడతాయి, నీడలు వస్తాయి, రంగు పోతుంది, అయినా మనిషి మొహం పోల్చుకోవచ్చు, మాట వినవచ్చు. డిజిటల్ అలా కాదు. కొంత దూరం వరకు లోపాన్ని తానే సరిదిద్దుకుంటూ బొమ్మను అద్దంలా చూపిస్తుంది, ఒక గీత దాటిందంటే మాత్రం గడులు గడులుగా విడిపోయి, మరికొంచెం తగ్గగానే పూర్తిగా ఆగిపోతుంది. సిగ్నల్ నాణ్యతను కొలిచే ఎమ్.ఇ.ఆర్. అనే లెక్క మా మీటరులో 30 దాటితే నిశ్చింతగా ఉండేవాళ్లం, 24 దగ్గరకు దిగితే బొమ్మ చీలిపోయేది. పదిహేడేళ్లుగా నా లైను చేసిన తప్పులన్నింటినీ చుక్కల రూపంలో జనం భరించారు. కొత్త పద్ధతిలో ఆ భరించడానికి చోటే లేదు.

ఆ తప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికి మూడు నెలలు పట్టింది. ఈ భాగం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే డిజిటల్ మార్పు అనగానే అందరూ బాక్సు గురించే మాట్లాడతారు గాని తీగ గురించి ఎవరూ మాట్లాడరు. కంట్రోల్ రూము నుంచి బయలుదేరిన సిగ్నల్ దూరం వెళ్లేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి దారిలో ఆంప్లిఫయర్లు పెడతాం. ప్రతి ఆంప్లిఫయరూ బొమ్మతో పాటు రొదను కూడా పెంచుతుంది, దాని సొంత రొద కొంత కలుపుతుంది. ఊరు పెరిగినప్పుడల్లా నేను చివరి ఆంప్లిఫయరుకు ఇంకొకటి తగిలించుకుంటూ పోయానే తప్ప మొదటి నుంచి కొత్త దారి వేయలేదు. అందువల్ల బస్టాండు వెనుక ఇంటికి చేరేసరికి సిగ్నల్ పద్నాలుగు ఆంప్లిఫయర్లు దాటి వస్తోంది. కాలువ నీరు తలలో ఉన్న చేలకు పుష్కలంగా పారి శివారు పొలానికి చేరేసరికి బురదే మిగిలినట్టే, మా శివారు ఇళ్లకు సిగ్నల్‌లో సగం రొదే చేరుతోంది.

దీనికి తోడు స్థలం చాలకపోవడం. ఒక్కొక్క అనలాగ్ చానలు తీగలో 7 లేదా 8 మెగాహెర్ట్జ్ చోటు తీసుకుంటుంది. అంతే చోటులో డిజిటల్ పద్ధతిలో పది పన్నెండు చానళ్లు, ఇంకా ఎక్కువ కూడా పడతాయి. అందరి దగ్గరా బాక్సులు లేనంతకాలం పాత అరవై చానళ్లనూ తీసెయ్యలేం, బాక్సులు పెట్టిన వాళ్లకు కొత్తవీ పంపాలి. రెండూ ఒకే తీగలో పోవాలి. కింది పౌనఃపున్యాలన్నీ పాత చానళ్లతో నిండి ఉన్నాయి కాబట్టి డిజిటల్‌ను 600 మెగాహెర్ట్జ్‌కు పైన పెట్టవలసి వచ్చింది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ రాగి తీగలో నష్టం పెరుగుతుంది. పైగా నేను 2000 ప్రాంతంలో కొన్న ఆంప్లిఫయర్లు, లైను నుంచి ఇళ్లకు సిగ్నల్ పంచే ట్యాపులు 550 మెగాహెర్ట్జ్ వరకే పనిచేసేవి. అంటే కొత్త సిగ్నల్‌ను, అది నడవలేని దారిలోనే నడిపించడానికి ప్రయత్నించాను. మార్పు పూర్తయితే స్థల సమస్య దానంతటదే తీరిపోతుంది గాని, మార్పు జరిగే ఆ మధ్యకాలంలోనే రెండింతల భారం మోయవలసి ఉంటుందని ముందుగా నాకెవరూ చెప్పలేదు.

ఇక జాయింట్లు. మాది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. తీగ చివర బిగించే పిన్నులు రెండు మూడేళ్లకే తుప్పు పడతాయి. కొబ్బరి మట్ట పడి తీగ తెగినప్పుడల్లా లైన్ చూసే కుర్రాడు తెగిన కొసలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి వచ్చేవాడు. పాత పద్ధతిలో అది ఏళ్ల తరబడి పనిచేసేది, ఇప్పుడు అలాంటి ముడి ఒక్కటి ఉంటే చాలు, దాని తరువాత ఉన్న పాతిక ఇళ్లకు బొమ్మ పోయేది. వాన పడిన మర్నాడు మాత్రమే పోయి ఎండ కాయగానే తిరిగి వచ్చే లోపాలు మమ్మల్ని ఎక్కువగా తిప్పాయి. ఇళ్లలోపలి సంగతి వేరు. పెద్ద గదిలో ఒక టీవీ, పడక గదిలో ఒకటి ఉన్నవాళ్లు ఫ్యాన్సీ షాపులో సిగ్నల్‌ను రెండుగా పంచే పది రూపాయల స్ప్లిటరు కొని తామే తగిలించుకున్నారు, కొందరు పక్క వాటాలోకి కూడా తీగ లాగారు. అటకల మీద, అలమరల వెనుక ఉన్న వాటన్నింటినీ వెతికి తీయించవలసి వచ్చింది.

చివరికి పాత దారిని బాగుచేయడం మానుకున్నాం. ఊరిని ఆరు భాగాలుగా చేసి ప్రతి భాగానికీ ఫైబర్ వేసి, ఫైబర్‌లో వచ్చిన సిగ్నల్‌ను తీగలోకి మార్చే నోడ్ ఒకటి అక్కడ పెట్టి, దాని తరువాత రెండు ఆంప్లిఫయర్లకు మించకుండా చూశాం. ఫైబర్ అతికించే యంత్రం కొనే స్తోమత లేదు గనుక రాజమండ్రి నుంచి రోజు అద్దెకు తెప్పించి, అది ఉన్న నాలుగు రోజులూ రాత్రి పది దాకా పనిచేశాం. మా ఆవిడ తన గాజులు బ్యాంకులో కుదువ పెట్టి డబ్బు తెచ్చింది. ఆ గాజులు విడిపించడానికి 2018 దాకా పట్టిందన్నది ఈ లెక్కలో రాయకపోతే అన్యాయమవుతుంది.

ఆంప్లిఫయర్లు తగ్గించడంలో నేను ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. వాటికి కరెంటు కావాలి. కొన్నేళ్ల కిందట, స్తంభం పక్కనున్న ఇంటివాళ్లను అడిగి వాళ్ల మీటరు నుంచి కరెంటు తీసుకుని, బదులుగా వాళ్లకు డిష్ బిల్లు లేకుండా కనెక్షన్ ఇచ్చేవాణ్ణి. అలాంటివి పదిహేడు ఇళ్లు. ఇప్పుడు వాళ్ల గోడ మీది ఆంప్లిఫయరు తీసేస్తున్నాం, పైగా బాక్సు కొనమంటున్నాం, నెలనెలా డబ్బు కట్టమంటున్నాం. నోటి మాటతో జరిగిన ఒప్పందాలవి. ఆ ఇళ్లన్నింటికీ నేనే స్వయంగా వెళ్లి, బాక్సు నా ఖర్చుతో పెట్టి, ఒక ఏడాది బిల్లు అడగనని చెప్పి వచ్చాను. ఇద్దరు ఒప్పుకోక ఇంటి మీద సొంత డిష్ పెట్టించుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు నేనిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను.

నోటి మాటల సంగతి వచ్చింది గనుక లెక్కల సంగతి కూడా చెప్పాలి. ఇది రాయడానికి నాకు సంకోచంగా ఉంది, కానీ దాచితే ఈ మార్పు ఎందుకంత ఆలస్యమైందో అర్థం కాదు. 1,160 ఇళ్లకు తీగ ఇచ్చి, పై సంస్థకు 450 ఇళ్లని చెప్పేవాణ్ణి. వాళ్లకూ అది తెలుసు. ఆ తక్కువ లెక్కను దృష్టిలో పెట్టుకునే వాళ్లు ఇంటికి ఇంతని ఎక్కువ ధర కట్టేవారు, బేరమాడి ఎక్కడో ఒకచోట తెగేది. తీగలో ఎన్ని ఇళ్లున్నాయో అనలాగ్‌లో ఎవరికీ తెలిసే వీలు లేదు కాబట్టి అలా సాగిపోయింది. డిజిటల్‌లో ప్రతి బాక్సుకూ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు కంప్యూటరులో ఒక మనిషి పేరు మీద ఎక్కితేనే బొమ్మ విడుదలవుతుంది. చట్టం కోరింది కూడా ముఖ్యంగా ఇదే. అసలు లెక్క బయటపడితే పాత ధరే 1,160 ఇళ్లకూ కట్టమంటారేమోనన్న భయం నాకే కాదు, చుట్టుపక్కల ఆపరేటర్లందరికీ ఉండేది. చాలామంది బాక్సులు తెప్పించడంలో ఆలస్యం చేసింది ఆ భయం వల్లే. మేము పదకొండు మందిమి కలిసి వెళ్లి మాట్లాడి, ఇంటికి ఇంతని కొత్త ధర రాతపూర్వకంగా తీసుకున్నాకే మా వైపు పని కదిలింది. ఆ కాగితం కోసం రెండున్నర నెలలు తిరిగాం.

ఆ తరువాత దరఖాస్తులు. ప్రతి ఇంటి నుంచీ ఫొటో, గుర్తింపు కార్డు నకలు, సంతకం తీసుకుని ఫారం నింపాలి. అద్దె ఇళ్లలో ఎవరి పేరు రాయాలి అన్నదాని మీద ఇంటి యజమానికీ అద్దెకున్నవాళ్లకూ మాట పట్టింపులు వచ్చాయి. డిష్ బిల్లుకు ఆధార్ నకలు ఎందుకని కొందరు పెద్దలు అనుమానపడ్డారు, అది తప్పుపట్టదగ్గ అనుమానమేమీ కాదు. నింపిన ఫారాలను పై సంస్థ ఆఫీసులో ఎక్కించేటప్పుడు బాక్సు నంబరులో ఒక అంకె తారుమారైతే, ఒకరి పేరు మీద మరొకరి బాక్సు వెలిగేది. ఒకాయన బిల్లు కట్టలేదని ఆపితే ఎక్కడో వేరే వీధిలో బొమ్మ పోయి, బిల్లు సక్రమంగా కట్టే కుటుంబం నా మీదకు వచ్చింది. ఇలాంటివి ముప్పై దాకా తేలాయి. చివరికి నా భార్య, మా తమ్ముడి కూతురు కూర్చుని, ఇంటింటికీ వెళ్లి బాక్సు అడుగున ఉన్న నంబరు చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకుని, మొత్తం జాబితాను మళ్లీ సరిచేశారు.

గడువు దగ్గరపడేసరికి 740 ఇళ్లలో 905 టీవీలున్నాయని తేలింది, నా చేతికి వచ్చినవి మూడు వందల బాక్సులే. దేశంలోని పట్టణాలన్నీ ఒక్కసారే అడగడంతో బాక్సులు దొరకడం గగనమైంది. డబ్బు ముందుగా కట్టినా వంతు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. టీవీలో కింద స్క్రోలింగ్ పరుగెడుతోంది, డిసెంబరు 31 తరువాత బొమ్మ రాదని. డబ్బు పట్టుకుని వచ్చినవాళ్లకు బాక్సు ఇవ్వలేక, లేనివాళ్లను కొనమని అడగలేక ఆ నెలంతా గడిచింది. నెలాఖరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు రెండు రాష్ట్రాలకూ రెండు నెలలు గడువు పెంచింది. నాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికిందనే అనుకున్నాను. తీరా బాక్సులు వచ్చేసరికి జనం తీసుకోవడం మానేశారు. "కోర్టు ఆపేసిందటగా, తొందరేముందండీ, చూద్దాం" అన్న మాట ప్రతి గుమ్మంలోనూ విన్నాను. దేశంలో ఇతర హైకోర్టుల్లోనూ కేసులు పడి, పాత ప్రసారం ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి వచ్చింది. సామాను లేనప్పుడు గడువు ఉంది, సామాను వచ్చాక గడువు లేదు. బాక్సుకు నేను తీసుకున్నది రూ.1,300. కూలికి వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు కాబట్టి, కచ్చితమైన తేదీ లేనిదే వాళ్లు ఆ డబ్బు తీయకపోవడంలో వింతేమీ లేదని నేనిప్పటికీ అనుకుంటాను.

2016 దసరా నాటికి ఎలాగో ఐదు వందల ఇళ్లు పూర్తయ్యాయి. ధాన్యం డబ్బులు చేతికొచ్చే నవంబరు, డిసెంబరుల్లో మిగతావి పూర్తిచేద్దామనుకున్నాను. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. బ్యాంకు వరుసలో నిలబడి తెచ్చుకున్న రెండు వేలతో ఇల్లు గడుపుకునే మనిషిని టీవీ బాక్సుకు డబ్బు అడగడం నాకు నోరు రాలేదు. నెలకు వంద చొప్పున వాయిదాల్లో ఇవ్వమని చెప్పి బాక్సులు పెట్టించాను. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం పట్టణాలకు 2017 జనవరి 31, పల్లెలకు మార్చి 31 ఆఖరు తేదీలని ప్రకటించింది. ఈసారి తేదీ కదలదని జనానికి నమ్మకం కలిగింది. ఆ ఐదు వారాల్లో, అంతకుముందు ఆరు నెలల్లో పెట్టినన్ని బాక్సులు పెట్టాం.

బాక్సు పెట్టి తీగ తగిలించి వచ్చేస్తే పని అయిపోదు. పాత పద్ధతిలో టీవీ పెట్టగానే బొమ్మ వచ్చేది, నాలుగో నంబరు నొక్కితే ఈటీవీ, ఐదు నొక్కితే జెమినీ. ఆ వరుస నేనే పెట్టాను, ఊరంతటికీ కంఠస్థమైంది. ఇప్పుడు రెండు రిమోట్లు, మూడంకెల నంబర్లు. పొరపాటున టీవీ రిమోట్ మీద వేరే మీట నొక్కితే బాక్సు బొమ్మను చూపించే ఏవీ మోడ్ పోయి నీలం తెర వస్తుంది, బాక్సు చెడిపోయిందని ఫోన్ వస్తుంది. మొదటి నెల వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇవే. రామాలయం వీధిలో ఎనభై దాటిన ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. ఆవిడకు చదవడం రాదు, పాత రిమోట్‌లో మీటల చోటు చేతివేలికి తెలుసు. "అబ్బాయీ, నా నాలుగో నంబరు ఎక్కడ పెట్టావు?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. టీవీ రిమోట్‌ను తీసి బీరువాలో పెట్టించి, టీవీని స్విచ్చి దగ్గరే వేసి ఆపేలా, వేయగానే ఏవీలోనే తెరుచుకునేలా అమర్చాను. బాక్సు రిమోట్‌లో ఆవిడకు కావలసిన నాలుగు చానళ్లను ఫేవరెట్లలో పెట్టి, ఆ మీట మీద ఎర్రటి బొట్టుబిళ్ల అంటించాను. ఆ ఉపాయం పనిచేయడంతో బొట్టుబిళ్లల అట్ట ఒకటి లైన్ కుర్రాడి సంచిలో ఎప్పుడూ ఉంచాం.

ఏవీ రంధ్రాలు అసలే లేని పాత టీవీలు కూడా ముప్పై దాకా తగిలాయి. వెనుక యాంటెనా తీగ పెట్టే చోటు ఒక్కటే ఉంటుంది. బాక్సు ఇచ్చే బొమ్మను మళ్లీ పాత పద్ధతి సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరాన్ని కాకినాడలో వెతికి తెచ్చి వాటికి తగిలించాం. టైలరు కొట్టులో, టీ దుకాణంలో, కాపలా గదుల్లో ఉండే టీవీలు ఎక్కువగా అవే.

జనవరి 31 రాత్రి పాత చానళ్లన్నీ ఒక్కసారిగా ఆపలేదు. అంతకు నెల ముందు నుంచే వారానికి పదేసి చొప్పున, తక్కువ మంది చూసేవాటితో మొదలుపెట్టి తీసేస్తూ, ఖాళీ అయిన కింది పౌనఃపున్యాల్లోకి డిజిటల్‌ను దించుకుంటూ వచ్చాం. ఇది మాకు సిగ్నల్ చూసే టెక్నీషియన్ చెప్పిన సలహా, మొత్తం పనిలో నాకు ఎక్కువగా ఉపయోగపడినది కూడా ఇదే. ఒక చానలు పోయిన ఇల్లు ఫోన్ చేస్తుంది, ఆ ఇంట్లో ఇంకా బాక్సు పెట్టని టీవీ ఉందని మాకు తెలుస్తుంది. కాలువ అవతలి పల్లెల కోసం వంతెన దగ్గర తీగ విడదీసి, పాత చానళ్లు అటు మాత్రమే వెళ్లేలా మరో రెండు నెలలు నడిపాం. అంతకుముందు రోజుల్లో వంతెన అవతలి చుట్టాల ఇంటి నుంచి ఇవతలికి తీగ లాక్కున్న ఇళ్లు రెండు కనిపించాయి. వాళ్లను ఏమీ అనకుండా బాక్సులు పెట్టి వచ్చాం.

అన్నింటికంటే నన్ను బాధపెట్టిన అడ్డంకి మా సొంత చానలుది. మున్సిపాలిటీ నీళ్లు వదిలే వేళలు, తప్పిపోయిన ఆవు, ఎవరైనా కాలం చేస్తే ఆ కబురు, బడి వార్షికోత్సవం, గుడి ఉత్సవాలు, సంక్రాంతికి దుకాణాల శుభాకాంక్షలు అందులోనే వచ్చేవి. పాత పద్ధతిలో మా బొమ్మను చానలుగా మార్చి తీగలో పంపే మాడ్యులేటరు ఒకటి చాలు, ఖాళీ ఉన్న చోట పెడితే అన్ని టీవీల్లోనూ కనిపించేది. డిజిటల్‌లో బొమ్మను డిజిటల్ సిగ్నల్‌గా మార్చే ఎన్‌కోడరు కొని మా సిగ్నల్‌ను తీగలో కలిపినా బాక్సులు దాన్ని చూడవు. పై సంస్థ పంపే పట్టికలో ఏ చానలు ఏ పౌనఃపున్యంలో ఉందో, దాని నంబరు ఎంతో రాసి ఉంటుంది, బాక్సు దాని ప్రకారమే వెతుకుతుంది. ఆ పట్టికలో మా పేరు ఎక్కించడానికి అర్జీ పెట్టి, రుసుము కట్టి, మూడుసార్లు వెళ్లి అడిగాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊళ్లో ఇద్దరు పెద్దలు పోతే ఆ కబురు మైకులో చెప్పించవలసి వచ్చింది. పదిహేడేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు.

మార్చి 31న పల్లెల వైపు తీగ కూడా పూర్తిగా డిజిటల్ అయింది. పట్టికలో మా చానలు ఎక్కిందని ఆ మర్నాడు ఫోన్ వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో శ్రీరామ నవమి. బాక్సులు వాటంతటవే కొత్త పట్టిక తెచ్చుకుంటాయన్నారు గాని, కొన్ని తెచ్చుకోలేదు, వాటి కోసం మేము ముగ్గురం మూడు రోజులు ఇంటింటికీ తిరిగాం. కల్యాణం రోజు గుడి దగ్గర కెమెరా నిలబెట్టి, తలంబ్రాల వేళకు కంట్రోల్ రూముకు వచ్చి టీవీలో చూసుకుంటున్నాను. మామ్మగారి నుంచి ఫోన్. "అబ్బాయీ, సీతమ్మవారు కనిపిస్తున్నారు గానీ మంత్రాలు వినపడటం లేదు" అన్నారు. బాక్సు వెనుక ఆడియో పిన్ను వదులై ఉంటుందని ఊహించి, పటకారు జేబులో పెట్టుకుని బయలుదేరాను. ఊహించినట్టే తెల్ల పిన్ను సగం ఊడి ఉంది. దాన్ని బిగించి లేచేసరికి పందిట్లో ఇంకా తలంబ్రాలు పోస్తూనే ఉన్నారు.